తల్లి కండరంలో ఉన్నది, కొడుకు కండరంలో లేనిది

దామలచెరువు మామిడి మార్కెట్టుకు చేరే బేనీషా కాయలు చాలావరకు అంటు చెట్లవే. నాటు టెంక నుంచి మొలిచిన మొక్కకు బేనీషా కొమ్మను అంటు కడతారు. కొన్నేళ్ళకు ఆ చెట్టు బేనీషా కాపే కాస్తుంది. వేరు ఒక జాతిది, కొమ్మ మరొక జాతిది. నీరూ సారమూ ఒకదాని నుంచి మరొకదానికి ప్రవహిస్తాయి గాని, అంటు కట్టిన చోట ఏ కణం దాని గోడల మధ్య అదిగానే ఉంటుంది. చిత్తూరు జిల్లా పాడి రైతుకు తెలిసిన కలయిక ఇంకొకటి ఉంది. నాటు ఆవుకు జెర్సీ ఆంబోతు వీర్యం ఎక్కిస్తే పుట్టే సంకర దూడలో ప్రతి కణమూ సంకరమే. అందులో తల్లి వంతు సగం, తండ్రి వంతు సగం.

ఈ రెండూ కాక మూడో కలయిక ఒకటి ఉంది. విడివిడిగా ఉన్న రెండు కణాలు తమ మధ్యనున్న పొరలను కరిగించుకొని ఒకే కణమైపోవడం అది. శాస్త్రజ్ఞులు దీనిని కణ సంలీనం అంటారు. ఒకే ఇంట్లో ఇద్దరు యజమానులు చేరినట్లు, ఒకే కణద్రవ్యంలో రెండు కేంద్రకాలు చేరతాయి. అప్పుడు ఎవరి మాట చెల్లుతుంది? ఈ ప్రశ్న ప్రయోగశాలకే పరిమితమైనదని పాఠకులు అనుకోవచ్చు. కాని దీనికి దొరికిన సమాధానం తెలిస్తే మన ప్రాంతపు కుటుంబాలను ఏళ్ళ తరబడి ఏడిపించే ఒక వ్యాధి అర్థమవుతుంది. ఆ వ్యాధి పేరు చెప్పి జరిగే ఒక వ్యాపారం కూడా అర్థమవుతుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మొదట మూల విషయం. మన దేహంలోని కాలేయ కణానికీ, కండర కణానికీ, చర్మ కణానికీ జన్యువుల మూట ఒక్కటే. ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000 ఉన్నాయి. కాలేయ కణం వాటిలో అల్బుమిన్ తయారుచేసే జన్యువును తెరిచి చదువుతుంది. కండర కణం దానిని మూసి ఉంచి, మయోసిన్ జన్యువును చదువుతుంది. క్లోమంలోని బీటా కణం ఇన్సులిన్ పుటను తెరుస్తుంది. గ్రంథం ఒక్కటే, చదివే అధ్యాయాలు వేరు. ఏ అధ్యాయం చదవాలో నిర్ణయించేది ఎవరు? కేంద్రకం తనంతట తానే నిర్ణయించుకుంటుందా, లేక చుట్టూ ఉన్న కణద్రవ్యం ఆజ్ఞాపిస్తుందా? దీనిని తేల్చడానికి సూటి మార్గం రెండు భిన్న కణాలను కలిపి చూడడమే.

ప్రకృతి ఈ పని మనలో ఎప్పటి నుంచో చేస్తున్నది. వీర్యకణమూ అండమూ కలవడం అందరికీ తెలిసినదే. గర్భంలో మాయ పైపొర అనేక కణాలు ఏకమై ఏర్పడిన పొర; అందుకు తోడ్పడే సిన్సిటిన్ అనే ప్రోటీన్ జన్యువు ఏనాడో మన పూర్వ జీవులలో చేరిన ఒక వైరస్ నుంచి వచ్చినది. ఎముకను అరగదీసి కొత్త ఎముకకు చోటిచ్చే ఆస్టియోక్లాస్టులూ కణాల కలయికతో పుట్టినవే. తిరుపతిలో విద్యార్థిగా ఉన్న రోజుల్లో క్షయ సోకిన లింఫు గ్రంథి స్లైడును మొదటిసారి చూసినప్పుడు, గుర్రపు లాడం ఆకారంలో అంచున కేంద్రకాలు పేర్చుకొని ఉన్న పెద్ద కణం ఒకటి కనిపించింది. లాంగ్‌హాన్స్ కణం అది. క్షయ క్రిమిని అణచడానికి రక్షక కణాలు అనేకం కలిసి ఒక్కటైన రూపం. మా గురువుగారు దానిని చూపి, ‘ఒంటరిగా కానిపని కలిసి చేస్తున్నాయి, చూడు’ అన్నారు. అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ మన కండరమే. తొడలోని ఒక్క కండర పోగు ఒకే కణం. అందులో వందలు, వేల కేంద్రకాలు ఉంటాయి. పిండ దశలో చిన్న చిన్న కండర మూలకణాలు వరుసగా అతుక్కొని, పొరలు కరిగించుకొని ఆ పోగును నిర్మిస్తాయి.

ప్రయోగశాలలో ఈ కలయికను సాధించినది జపానుకు చెందిన యోషియో ఒకాడా. సెండాయ్ అనే వైరస్ కణాల పొరలను అతికిస్తుందని ఆయన 1957లో చూపారు. 1965లో ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ హారిస్, జాన్ వాట్‌కిన్స్ అదే ఉపాయంతో మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ ఒకటి చేశారు. హారిస్ మరొక విచిత్రం కూడా చూపారు. కోడి ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉంటుంది కాని అది ముడుచుకొని నిద్రాణంగా ఉంటుంది. దానిని చురుకైన మానవ కణంలో చేర్చగానే ఆ కేంద్రకం ఉబ్బి, మేలుకొని, మళ్ళీ పని మొదలుపెట్టింది. నిద్రపోయిన కేంద్రకాన్ని చుట్టూ ఉన్న ద్రవ్యం లేపింది.

ఈ చరిత్రలో మన తెలుగువాడి పేరు ఒకటి ఉందని చాలామందికి తెలియదు. అమెరికాలోని డెన్వర్‌లో పోతు నరసింహారావు, రాబర్ట్ జాన్సన్‌తో కలిసి విభజన చక్రంలో వేర్వేరు దశల్లో ఉన్న కణాలను జత చేసి చూశారు. 1970లో నేచర్ పత్రికలో వెలువడిన వారి ఫలితాలు నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉన్నాయి. డి.ఎన్.ఏ.ను నకలు చేసుకుంటున్న కణంతో, ఇంకా ఆ పని మొదలుపెట్టని కణాన్ని కలిపితే, రెండోదాని కేంద్రకం కూడా త్వరపడి నకలు మొదలుపెట్టింది. విభజన నడుమ ఉన్న కణంతో ఏ దశలోని కణాన్ని కలిపినా, ఆ రెండో కేంద్రకంలోని క్రోమోజోములు సమయం కాకముందే దగ్గరపడి కుదించుకుపోయాయి. అంటే కణద్రవ్యంలో తిరిగే పదార్థాలేవో కేంద్రకానికి ఆజ్ఞలిస్తున్నాయి. ఆ పదార్థాలేవో తరువాతి తరాల శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. రావు ఆ తరువాత హ్యూస్టన్‌లోని ఎం.డి. యాండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో పనిచేశారు.

ఇక అవయవానికో తీరుగా జన్యువులు పలకడం సంగతి. వర్ణకం తయారుచేసే కణాన్ని, తయారుచేయని సాధారణ కణంతో కలిపినప్పుడు రంగు మాయమైందని 1966లో బోరిస్ ఎఫ్రుస్సీ బృందం చూపింది. మేరీ వైస్ కాలేయ జాతి కణాన్ని చర్మపు పీచు జాతి కణంతో కలిపితే, సంకర కణం కాలేయపు ప్రత్యేక ప్రోటీన్ల తయారీ ఆపివేసింది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. జన్యువు పోలేదు, నోరు మూసుకుంది. తరాలు గడిచి ఆ సంకర కణం కొన్ని క్రోమోజోములను జారవిడుచుకున్నప్పుడు, ఆగిన పని మళ్ళీ మొదలైంది. మరో అడుగు ముందుకు వేసి, కాలేయ కణపు క్రోమోజోముల వంతు రెట్టింపుగా ఉన్న సంకర కణాలను చూస్తే, ఎన్నడూ అల్బుమిన్ తయారుచేయని రెండో కణపు కేంద్రకం నుంచి కూడా అల్బుమిన్ వచ్చింది. ఎవరి మాట చెల్లుతుందన్నది ఎవరి సంఖ్య ఎక్కువ, ఎవరి ఆజ్ఞలు బలమైనవి అన్న దానిమీద ఆధారపడుతుందన్నమాట.

1983లో హెలెన్ బ్లావ్ బృందం ఎలుక కండర కణాన్ని, మానవ ఉమ్మనీటి కణంతో జత చేసింది. కొద్ది రోజులకే ఆ మానవ కేంద్రకం మనిషి కండరపు ప్రోటీన్లను తయారుచేయించింది. అంతకుముందు ఆ కేంద్రకం కండరమన్నది ఎరుగదు. కణం తన వృత్తిని జన్మహక్కుగా కాక, నిత్యం అందే ఆజ్ఞలతో నిలుపుకుంటుందని దీనితో తేలిపోయింది. ఇంట్లో గర్భ నిర్ధారణకు వాడే పట్టీలో ఉండే ప్రతిరక్షకాలు కూడా ఈ జ్ఞానపు ఫలమే. 1975లో కోహ్లర్, మిల్‌స్టీన్ ప్రతిరక్షకాలు తయారుచేసే కణాన్ని అదే వంశానికి చెందిన క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకపు ప్రతిరక్షకాన్ని అంతులేకుండా పొందారు. వంశం వేరైన కణంతో కలిపితే ఆ జన్యువు మూగబోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొన్నేళ్ళ క్రితం, నేను ఉద్యోగ విరమణ చేశాక, చిత్తూరు దగ్గర పల్లె నుంచి ఒక కుటుంబం తెలిసినవారి ద్వారా మా ఇంటికి వచ్చింది. తొమ్మిదేళ్ళ బాబు, తల్లి, తండ్రి, అమ్మమ్మ. బాబు పిక్కలు లావుగా, చూడడానికి మంచి బలం ఉన్నట్లు కనిపించాయి. నేల మీద కూర్చోబెట్టి లేవమంటే, చేతులు మోకాళ్ళ మీద, తొడల మీద ఆనించి, తన ఒంటినే తాను ఎక్కుతున్నట్లు లేచాడు. డుషేన్ కండర క్షీణత. జన్యు పరీక్ష కాగితం కూడా వారి సంచిలోనే ఉంది. వారు రోగమేమిటని అడగడానికి రాలేదు. ఒక పెద్ద నగరంలో మూలకణాల ఇంజెక్షన్లు ఇస్తామన్నారట, అందుకు రెండెకరాల మామిడితోట అమ్మాలా వద్దా అని అడగడానికి వచ్చారు.

నేను నోరు తెరవకముందే అవ్వ కన్నీళ్ళు పెట్టుకుంది. ‘బిడ్డను మా తమ్ముడికే ఇచ్చినాము సార్. ఆ పాపమే ఈ పిల్లోడికి చుట్టుకునె’ అంది. తల్లి తలవంచుకుంది. తండ్రి మాత్రం ఒక్కటే అడిగాడు: ‘మంచి కణాలు సూదితో ఎక్కిస్తే కండలో కలిసిపోతాయంట గదా సార్. కలిసేది నిజమేనా?’

ఆ ప్రశ్న చిన్నది కాదు. కలిసేది నిజమే. చెప్పని విషయం మరొకటి ఉంది.

మొదట అవ్వకు సమాధానం చెప్పాను. మేనరికాల వల్ల కొన్ని జన్యు వ్యాధులు పెరుగుతాయి. మన సీమలో అది పట్టించుకోవలసిన విషయమే. కాని డుషేన్ వాటిలో లేదు. డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. కొడుకుకు ఉండే ఒకే ఒక ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. తండ్రి మేనమామ అయినా, ముక్కూమొహం తెలియని ఊరివాడు అయినా ఈ వ్యాధికి తేడా లేదు. దాదాపు మూడోవంతు పిల్లలలో లోపం ఎవరి నుంచీ రాక, కొత్తగానే ఏర్పడుతుంది. కనుక ఆ తల్లి మీద, ఆ పెళ్ళి మీద నింద మోపడం శాస్త్రం దృష్టిలో అన్యాయం.

ఈ ఇంట మాత్రం తల్లి వాహకురాలని పరీక్షలో తేలింది. అంటే కొడుకులో ఉన్న లోపమే ఆమెలోనూ ఉంది. మరి ఆమె కిలోమీటర్ల కొద్దీ నడిచి తోటకు నీళ్ళు కట్టి వస్తుంది, కొడుకు మూడు మెట్లు ఎక్కలేడు. ఎందుకు? ఇంతసేపూ చెప్పిన సంలీన కణాల కథకు సమాధానం ఆమె ఒంట్లోనే ఉంది.

స్త్రీ దేహంలోని ప్రతి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. వాటిలో ఒకటి పిండ దశలోనే మౌనం వహిస్తుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. ఏ కణంలో ఏది మూగబోతుందన్నది అదృష్టం. అందువల్ల ఆ తల్లి కండర మూలకణాలలో కొన్నింటిలో మంచి ఎక్స్ పలుకుతుంది, కొన్నింటిలో లోపమున్న ఎక్స్ పలుకుతుంది. ఆ రెండు రకాలూ కలిసి ఒకే కండర పోగుగా ఏకమైనప్పుడు, పోగు పొడవునా మంచి కేంద్రకాలు, లోపమున్న కేంద్రకాలు పక్కపక్కన నిలుస్తాయి. మంచి కేంద్రకాలు తయారుచేసిన డిస్ట్రోఫిన్ పొరుగు కేంద్రకాల జాగాను కూడా కాపాడుతుంది. ఆమె కండరం ప్రకృతి చేసిన సంకర కణాల మూట. కొడుకుకు ఆ వసతి లేదు. అతని పోగులో వేల కేంద్రకాలున్నా అన్నింటిలో అదే లోపం.

గుండె సంగతి వేరు. గుండె కండర కణాలు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కుంటాయి గాని, అస్థిపంజర కండరం వలె పొరలు కరిగించుకొని ఒకటి కావు. మంచి కణం పొరుగు కణానికి డిస్ట్రోఫిన్ ఇవ్వలేదు. వాహక స్త్రీలలో కాళ్ళూ చేతులూ బాగున్నా కొందరికి గుండె కండరం బలహీనపడడానికి ఇది ఒక కారణంగా భావిస్తారు. కనుక ఆ తల్లికి అప్పుడప్పుడు ఎకో పరీక్ష అవసరమని ఆరోజే రాసిచ్చాను. తన గురించి ఎవరైనా ఒక చీటీ రాయడం అదే మొదటిసారని ఆమె అంది.

తండ్రి ప్రశ్నకు ఇక సమాధానం. తల్లిలో ప్రకృతి చేసిన పనిని సూదితో చేయవచ్చుననే ఆశ శాస్త్రజ్ఞులకూ కలిగింది. అది మూఢనమ్మకం కాదు, మంచి ఆలోచన. దాతల కండరం నుంచి మూలకణాలను పెంచి, 12 మంది డుషేన్ బాలుర ఒక చేతి కండరంలో నెలకొకసారి చొప్పున ఆరు నెలలు ఎక్కించి, రెండో చేతికి కణాలు లేని సూదులు వేసి పోల్చారు. ఆ ఫలితాలు 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. రెండు చేతుల బలంలో తేడా లేదు. ఒక్క బాలుడిలో మాత్రం దాదాపు పదోవంతు పోగులలో దాత డిస్ట్రోఫిన్ కనిపించింది. అంటే కణాలు కలవడం అసత్యం కాదు, చాలినంతగా కలవలేదు. ఎక్కించిన కణాలలో అధికభాగం త్వరలోనే చనిపోతాయి. మిగిలినవి సూది మొన పడిన చోటనే ఆగిపోతాయి. ఒక కేంద్రకం తయారుచేసిన డిస్ట్రోఫిన్ ఆ కేంద్రకం చుట్టుపక్కలనే ఉంటుంది, పోగు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోదు. తల్లిలో ఆ కలయిక పిండ దశ నుంచి, ప్రతి కండరంలో, ప్రతి పోగు పొడవునా జరిగింది. ఊపిరి తీసే కండరాలకూ జరిగింది. దానిని కొన్ని సూదులతో తేలేము.

మరి ఎముక మజ్జ కణాలు కాలేయంగా, మెదడుగా, కండరంగా మారతాయని పత్రికలలో చదివామే అని పాఠకులు అడగవచ్చు. 2000 ప్రాంతంలో అలాంటి వార్తలు చాలా వచ్చాయి. 2003లో ఎలుకల మీద జరిపిన రెండు అధ్యయనాలు, మజ్జ నుంచి పుట్టినట్లు కనిపించిన కాలేయ కణాలు నిజానికి పాత కాలేయ కణంతో మజ్జ నుంచి వచ్చిన కణం కలిసిపోయి ఏర్పడినవని చూపాయి. కాలేయ కణపు ఆజ్ఞలకు లోబడి వచ్చిన కేంద్రకం కాలేయపు పని చేసింది. మజ్జ కణం తానుగా కాలేయం కాలేదు. ‘ఏ కణం ఎక్కించినా దేహానికి కావలసిన అవయవంగా మారుతుంది’ అని రంగుల కరపత్రంలో రాసేవారు ఈ అధ్యాయాన్ని వదిలివేస్తారు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో ఈ విషయంలో సందేహానికి తావు లేదు. కొన్ని రక్త వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటి నిర్ధారిత చికిత్సలు తప్ప, మిగతా వ్యాధులకు మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలి. ఆ పరిధి దాటి వాడడం అనైతికం. కనుక ఎవరైనా ఇలాంటి చికిత్స చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఇది క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా, నమోదు సంఖ్య ఏది? పోల్చడానికి మందు లేని వర్గం ఉన్నదా? ప్రయోగమే అయితే నా దగ్గర లక్షలు ఎందుకు తీసుకుంటున్నారు? మూడింటికీ కాగితం మీద సమాధానం రాకపోతే ఇంటికి తిరిగి రండి.

తోట అమ్మవద్దని చెప్పాను. ఆశ ఉంచుకోవద్దని చెప్పలేదు. ఈ వ్యాధిలో చేయగలిగినది చాలా ఉంది, అది ఖర్చుతో కాక శ్రద్ధతో కూడినది. వైద్యుల పర్యవేక్షణలో వాడే స్టెరాయిడ్ మాత్రలు నడక ఆగిపోవడాన్ని కొంతకాలం వాయిదా వేస్తాయి. వాటిని హఠాత్తుగా ఆపరాదు. రోజూ కీళ్ళు సాగదీసే వ్యాయామం ఇంట్లోనే చేయించాలి. గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు క్రమం తప్పకుండా ఉండాలి. ఏ శస్త్రచికిత్సకైనా ముందు మత్తు డాక్టరుకు ఈ జబ్బు పేరు తప్పక చెప్పాలి, కొన్ని మత్తు మందులు ఈ పిల్లలకు ప్రాణాపాయం. తల్లి వాహకురాలైతే, ఆమె తోబుట్టువులకూ కూతుళ్ళకూ జన్యు సలహా ఇప్పించాలి. తిరుపతిలో స్విమ్స్‌లోనూ, చిత్తూరువారికి దగ్గరగా ఉన్న రాయవేలూరు సి.ఎం.సి.లోనూ నరాల వ్యాధుల నిపుణులు ఉన్నారు. కండర క్షీణత 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఒకటి. గుర్తింపు పత్రం తీసుకోవడం మరువకండి.

పరిశోధన ఆగలేదు. లోపమున్న అధ్యాయాన్ని దాటవేసి మిగతాది చదివించే మందులు, కురచ డిస్ట్రోఫిన్ జన్యువును వైరస్ మోసుకెళ్ళే చికిత్సలు విదేశాలలో కొన్ని అనుమతులు పొందాయి. వాటి మేలు ఎంత, కీడు ఎంత అన్నది ఇంకా తేలుతున్నది. నిజమైన చికిత్స వచ్చిననాడు అది రహస్యంగా రాదు; లెక్కలతో, పేర్లతో, అందరికీ కనబడేలా వస్తుంది.

ఆ కుటుంబం తోట ఇప్పటికీ వారిదే. బాబు చక్రాల కుర్చీలో బడికి వెళ్తున్నాడు, లెక్కలు బాగా చేస్తాడని తండ్రి ఫోన్‌లో చెబుతుంటాడు. మీ ఇంటి చుట్టుపక్కల నాలుగైదేళ్ళ మగపిల్లవాడు తరచూ పడిపోతూ, తొడల మీద చేతులు ఆనించి లేస్తుంటే, పిక్కలు లావుగా ఉన్నాయి గదా అని సరిపెట్టుకోకండి. సి.కె. అనే చిన్న రక్తపరీక్ష చేయించమని వారి తల్లికి చెప్పండి. చెప్పేటప్పుడు, తప్పు ఆమెది కాదన్న మాట మొదట చెప్పండి.